పెద్దమ్మ ముందే చెప్పిన స్తోత్రం

ఆ రోజుల్లో అల్లూరు బజారులో తెలివిగలవాళ్లకు కొదవ లేదు, పనిచేసేవాళ్లకూ కొదవ లేదు. ఈ రెండు జట్లలో దేనిలోనూ చేరకుండా, మధ్యలో నిలబడి "చూద్దాం" అంటూ కాలం గడిపినవాణ్ణి మాత్రం బహుశా నేనొక్కణ్ణే. ఇప్పుడు ఎవరైనా నా దగ్గరికొచ్చి, "అన్నా, వ్యాపారం పెట్టాలంటే మొదట ఏం కావాలి?" అని అడిగితే, ఓపిక కావాలనీ, ధైర్యం కావాలనీ పెద్దమనిషిలా ఏదో ఒకటి చెబుతుంటాను. నిజానికి నాకు తెలిసిన జవాబు ఒకటే. ఒక పెద్దమ్మ కావాలి. ఆమెకు నలుగురిలో లేచి నిలబడి, ఇంకా జరగని సంగతిని జరిగిపోయినట్టు చెప్పే అలవాటుండాలి. అటువంటి పెద్దమ్మ అందరికీ దొరకదు కాబట్టి, నాకు దొరికిన ఆమె గురించి నాలుగు మాటలు చెప్పుకుంటే నా మనసు కొంత తేలికవుతుంది.

డిగ్రీ పూర్తయి ఇంట్లో కూర్చున్న కాలం అది. ఊహ తెలిసినప్పటి నుంచీ నన్ను పెంచింది మా పెద్దమ్మా పెదనాయనా. వాళ్లకు పిల్లలు లేరు. ఉన్న ఒక్కణ్ణి నేనే కాబట్టి పదిమంది పిల్లలు ఆలోచించాల్సింది నేనొక్కణ్ణే ఆలోచించేవాణ్ణి, పని మాత్రం ఒక్కడంత కూడా చేసేవాణ్ణి కాదు. పులికాట్ పీతల్ని సూళ్లూరుపేటలో రైలెక్కించి మద్రాసుకు పంపితే బాగుంటుందని మొదట తట్టింది నాకే. గంపల్లో పంపాలా డబ్బాల్లో పంపాలా, పొద్దుటి బండికా సాయంత్రం బండికా అని నేను తేల్చుకునేలోపు, ఆ ఊరాయన ఎవరో, నాలాగా ఆలోచించే తీరిక లేనివాడు, పీతల్ని రైలెక్కించేశాడు. రొయ్యల చెరువుల్లో తిరిగే గాలి చక్రాలు చెడిపోతే ఇంటికొచ్చి బాగుచేసే పని గురించీ అట్లాగే ఆలోచించాను. బస్టాండు ఎదురుగా జిరాక్సు మిషను గురించీ ఆలోచించాను. రెండూ వచ్చాయి, వేరేవాళ్ల పేర్లతో. చివరికి నాకేదైనా ఆలోచన వచ్చిందంటే ఏడాది తిరక్కుండా అల్లూరులో ఆ అంగడి వెలుస్తుందని బజారులో ఒక నమ్మకం ఏర్పడింది. టీ కొట్టు ముందు నిలబడితే చాలు, "ఇప్పుడు దేని గురించి ఆలోచిస్తుండావు అబ్బయా?" అని ఎవరో ఒకరు బెంచీ మీద చోటిచ్చి మరీ అడిగేవాళ్లు. (నేను గౌరవం అనుకునేవాణ్ణి.) వెనకాల నాకు వాళ్లు పెట్టిన పేరు 'చూద్దాం సారు'.

వాటన్నిటిలోకీ నేను ఎవరికీ చెప్పకుండా దాచుకున్న ఆలోచన ఒకటుంది. మా వైపు చేపల పులుసు కాచిన రోజున తినేవాళ్లు తింటారు గానీ, అసలు రుచి మర్నాటిదే. ముక్కకు పులుపు పట్టి, మామిడికాయ మెత్తబడి, నూనె పైకి తేలిన ఆ నిన్నటి పులుసును పొద్దున్నే దోసెలోకి నంజుకుని తింటే, ఆ తర్వాత ఎవరేమి తిట్టినా మధ్యాహ్నం దాకా మనకు వినిపించదు. ఇంత మంచి తిండి ప్రతి ఇంట్లోనూ ఉంది, బజారులో ఒక్క కొట్టులోనూ లేదు. మా ఇంటి ముందర రోడ్డు మీదికి ఒక గది ఉంది. పెద్దమ్మ చేతి పులుసు గురించి చెప్పనక్కర్లేదు. ఇంకేం కావాలి? నాకు చాలా కావాల్సి వచ్చింది. బల్లలు గుండ్రంగా ఉండాలా పలకలుగా ఉండాలా, గోడకు ఆకుపచ్చ వేయాలా నీలం వేయాలా, అన్నిటికన్నా ముఖ్యంగా బోర్డు మీద పేరు ఏం రాయించాలి. పేరు దగ్గరే ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడిచిపోయాయి.

"ఎప్పుడు మొదలుపెడతావు రా?" అని పెద్దమ్మ అడిగితే నా దగ్గర తయారుగా ఒక జవాబుండేది. "ఆలోచన కూడా పులుసు మాదిరే పెద్దమ్మా. మరుసటి రోజుకే రుచి."

ఆమె బియ్యంలో రాళ్లేరుతూ, తల ఎత్తకుండానే అనేది: "రేపటికే రుచి, కాదన్లేదు. ఈ రోజు కాస్తే కదరా రేపటికి ఉండేది."

ఆ మాట గురించి కూడా ఆలోచిద్దామని లేచి వెళ్లిపోయేవాణ్ణి.

పెదనాయన ఇట్లాంటి మాటలు కూడా వృథా అనుకునే మనిషి. ఆయన కాలవల శాఖలో లస్కరుగా చేసి రిటైరయ్యాడు. సంగం దగ్గర నుంచి వచ్చే కాలవ నీళ్లను ఏ రోజు ఏ తూముకు వదలమంటే ఆ రోజు ఆ తూముకు వదలడం ఆయన జీవితం. "నేను కూడా నీ మాదిరి చూద్దాం అని గట్టు మీద కూర్చొని ఉంటే, ఊరోళ్లు నన్ను ఆ తూములోనే తోసుండేవాళ్లు" అనేవాడు. ఆ ఏడు మామిడికాయల కాలం మొదట్లో ఆయన ఓపిక అయిపోయింది. మా ముందర గది కోసం ఒకాయన చాలా రోజులుగా తిరుగుతున్నాడు. రొయ్యల మేత అమ్మే ఏజెంటు, మా ఇంట్లో ఆయన పేరు మేతాయన. మేత బస్తాలు వేసుకోవడానికి రోడ్డు మీద గది కావాలి, బస్తాలు చూసుకోవడానికి నమ్మకమైన మనిషి కావాలి. పెదనాయన రెండిటికీ ఒకేసారి మాటిచ్చేశాడు. వచ్చే శనివారం పొద్దున గది తాళంచెవి ఆయనకు, సోమవారం నుంచి నేను ఆయన బస్తాల దగ్గరికి. గదీ ఆయనకే, నేనూ ఆయనకే.

"ఒక్క మాట నన్ను అడగాల్సింది పెదనాయనా" అన్నాను.

"అడిగితే ఏమంటావో నాకు తెలుసులే" అన్నాడాయన.

ఆ రాత్రి అన్నం దగ్గర పెద్దమ్మ మా ఇద్దరికీ గరిటె గట్టిగా కొట్టి మరీ వడ్డించింది. నాకు మాత్రం మొదటిసారి భయం వేసింది. అంతవరకూ నా ఆలోచనలన్నీ వేరేవాళ్లు తీసుకుపోయారు గానీ, అవి తీసుకుపోయినంత మాత్రాన నాకు కొత్తగా పోయిందేమీ లేదు. ఈ గది పోతే అట్లా కాదు. మేత వాసన పట్టిన గదిలో మళ్లీ ఎవరూ దోసె తినరు. ఆ వాసనలో కూర్చుని బస్తాలు చూసుకునేవాడికి మళ్లీ ఆలోచన కూడా రాదు. అంత తెలిసీ నేను చేసిందేమిటంటే, ఆదివారం దాకా ఆగి చూద్దాం అనుకోవడం.

ఇక్కడ పెద్దమ్మ అలవాటొకటి చెప్పాలి. మా చర్చిలో పాస్టరు అయ్యగారు వాక్యం చెప్పడం అయ్యాక సాక్ష్యాల సమయం ఉంటుంది. చాపల మీద ఒకవైపు కూర్చున్న మగవాళ్లలోంచీ, ఇంకోవైపు కూర్చున్న ఆడవాళ్లలోంచీ ఒక్కొక్కరే లేచి, ఒంట్లో బాగాలేదనో, బిడ్డకు సంబంధం కుదరలేదనో ప్రార్థన చేయమని అడుగుతారు. జరిగిన మేలుకు కొందరు స్తోత్రం చెబుతారు. పెద్దమ్మ ఎన్నడూ ఏదీ అడగలేదు. ఆమెకు కావాల్సినదాన్ని వచ్చేసినట్టే లెక్కేసి, ముందే స్తోత్రం చెప్పేసేది. మబ్బు తునక లేని రోజున వానకు స్తోత్రం చెప్పేది. పక్కింటి అమ్మాయి టీచరు పరీక్ష రాసి ఇంకా ఇంటికి చేరకముందే ఉద్యోగం ఇచ్చినందుకు స్తోత్రం చెప్పింది. ఆ ఏడు రాలేదు, మరుసటి ఏడు వచ్చింది. "నేను చెప్పింది ఈ ఏటికే కదా" అంది పెద్దమ్మ, ఏమీ తడుముకోకుండా. ఎందుకిట్లా చేస్తావని ఒకసారి అడిగాను. "అడిగితే దేవుడు ఆలోచన చేస్తాడేమో నాయనా. అందరి ముందరా స్తోత్రం చెప్పేస్తే ఇంక ఇయ్యక ఏం జేస్తాడు? ఆయనకు మాత్రం మొగమాటం ఉండదా?" అంది. మా సంఘంలో పాతవాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. ఆమె లేచిందంటే ఈసారి దేవుణ్ణి దేనికి మొహమాట పెడుతుందోనని చెవులు రిక్కించేవాళ్లు.

తెలియనివాడల్లా కొత్త అయ్యగారు. గుంటూరు వైపు నుంచి బదిలీ మీద మా చర్చికి వచ్చి ఇంకా నెల కాలేదు. పాపం, ఏ మాటనైనా ఆ మాటగానే నమ్మే మనిషి.

ఆ ఆదివారం పెద్దమ్మ కొంగు తలమీదికి లాక్కుని లేచింది. "మా బిడ్డ ఇంటి ముందర గదిలో దోసెల అంగడి తెరిచేదానికి కృప చూపించిన దేవునికి స్తోత్రం. చేపల పులుసుకు కూడా స్తోత్రం" అని కూర్చుంది. ఆడవాళ్ల వైపు నుంచి చిన్న నవ్వులు వినిపించాయి. నేను చాప మీద పుల్ల ఒకటి పీకుతూ తల దించుకున్నాను. అంతటితో అయిపోవాల్సిన సంగతే. అయితే కొత్త అయ్యగారి ముఖం వెలిగిపోయింది.

"చాలా సంతోషం అమ్మా. నాకు ఎవరూ చెప్పలేదే. ఎప్పుడు ప్రారంభం?"

పెద్దమ్మ మళ్లీ లేచింది. ఒక్క నిమిషం నా వైపు చూసింది. తర్వాత మగవాళ్ల వరసలో గోడకానుకుని కూర్చున్న పెదనాయన వైపు చూసింది. "ఈ శనివారం పొద్దున్నే అయ్యగారూ" అంది.

"అయితే సంఘమంతా వెళ్లి ప్రారంభ ప్రార్థన చేసి, అక్కడే టిఫిను చేసి వద్దాం" అన్నారు అయ్యగారు. "ఆమెన్" అంది సంఘం. అందరికన్నా గట్టిగా అన్నది టీ కొట్టు బెంచీ వాళ్లు. పెదనాయన కళ్లు మూసుకున్నాడు. ప్రార్థనకని చూసేవాళ్లు అనుకుని ఉంటారు.

దారిలో నేను పెద్దమ్మను పట్టుకున్నాను. "చర్చిలో నిలబడి అబద్ధం చెప్తావా పెద్దమ్మా?"

"ఏది అబద్ధం?"

"అంగడి యాడుండాది?"

"శనివారం నువ్వు తెరిస్తే అబద్ధం ఎట్టా అయితాది? తెరవకపోతే అబద్ధం అయితాది" అంది, ఎండకు కళ్లు చికిలించి నడుస్తూ. "ఇంక అది నీ చేతిలో ఉండాది. నేను చెప్పేది చెప్పేసినా."

ఇన్నేళ్లూ ఆమె స్తోత్రాలన్నీ దేవుడి చేతిలో ఉండేవి, ఆయన సంగతి ఆయన చూసుకునేవాడు. మొదటిసారి ఒకటి తీసుకొచ్చి నా చేతిలో పెట్టింది. నేను "చూద్దాం" అంటే, ఇంత వయసులో మా పెద్దమ్మ నలుగురిలో అబద్ధాలకోరు అవుతుంది. అయినా సోమవారమంతా నేను, ఒంట్లో బాగాలేదని చెప్పి ప్రార్థన వాయిదా వేయించవచ్చా అని ఆలోచించాను. (ఎవరి ఒంట్లో అన్నది తేలలేదు.) మంగళవారం బజారులో కనిపించినవాళ్లందరూ పలకరించారు. "ఎన్ని దోసెలు తినొచ్చు అబ్బయా?" అని ఒకరు, "పిల్లల్ని కూడా తెస్తాం" అని ఒకరు. బుధవారం నుంచి నేను టీకి వెళ్లడం మానేశాను.

పెదనాయన మాత్రం "నేను మేతాయనకు మాటిచ్చినా. నాకు మాటంటే మాటే" అన్నాడు, ఒకటే మాట. గురువారం మధ్యాహ్నం ఎవరికీ చెప్పకుండా నెల్లూరు బస్సెక్కాడు. మేతాయనతో కాగితం రాసుకోవడానికే వెళ్లాడనుకుని నేనూ పెద్దమ్మా మొహాలు చూసుకున్నాం. పొద్దు వాలే వేళకు గోనెపట్టలో ఏదో గుండ్రటి బరువు చుట్టుకుని, చెమట్లు కక్కుతూ దిగాడు. విప్పి చూస్తే ఇనప పెనం, హోటళ్లలో వాడే పెద్దది.

పెద్దమ్మ దాని వైపూ ఆయన వైపూ చూసి, "మాటిచ్చినా అంటివే" అంది.

"గది ఇస్తానని మాటిచ్చినా. పెనం తేనని ఎవురికైనా చెప్పినానా?" అని విసుక్కుని, కాళ్లు కడుక్కోవడానికి దొడ్లోకి వెళ్లిపోయాడు. ఆయన జీవితంలో ఒకే రోజు రెండు తూములు ఎత్తడం అదే మొదలనుకుంటాను.

శుక్రవారం తెల్లవారింది. శనివారం పొద్దున పెట్టాల్సింది నిన్నటి పులుసు కాబట్టి, ఆ నిన్న వచ్చేసిందన్నమాట. నేను ఎంత కాదనుకున్నా పని శనివారానిది కాదు, శుక్రవారానిదే. పొద్దున్నే గంపక్క వచ్చింది. (సముద్రం ఒడ్డు పల్లె నుంచి చేపలు తెచ్చే ఆమె అసలు పేరు నాకు ఇప్పటికీ తెలియదు, ఆమెకు నా పేరూ తెలియదు.) ఎప్పుడూ రెండు మూడు చేపలు తీసుకునే ఇంట్లో గంప మొత్తం అడిగేసరికి ఆమెకు విషయం తెలియాల్సి వచ్చింది. గంపలో వంజరం ఉంది, చిన్న చేపలు ఇంకో రకం ఉన్నాయి. వంజరం అయితే ముక్క నిలుస్తుంది, చిన్నవైతే పులుసుకు రుచి వస్తుంది. నేను గంప ముందు గొంతుక్కూర్చుని ఒక్కొక్కదాన్ని పైకెత్తి చూడడం మొదలుపెట్టాను. ఆమె చాలాసేపు ఓర్చుకుంది.

"అబ్బయా, ఎండ ఎక్కతా ఉండాది. నీ మాదిరి ఆలోచన చేసేదానికి చేపకి టైము ఉండదు" అంది చివరికి.

"వంజరం" అన్నాను. ఆ మాట నా నోటి నుంచి వచ్చినట్టు నాకే నమ్మకం కుదరలేదు. వెంటనే మార్చుకుందామనుకున్నాను గానీ, ఆమె అప్పటికే కత్తిపీట వేసుకుని తోక కోసేసింది.

అసలు ముప్పు మధ్యాహ్నం వచ్చింది. పెద్ద మట్టి చట్టిలో చింతపండు పులుసు తెర్లుతోంది. పెద్దమ్మ చెప్పినట్టల్లా నేను కారం వేశాను, మామిడికాయ ముక్కలు వేశాను, చేప ముక్కలు జారవిడిచాను. ఇంటి వెనకంతా వాసన. ఇక ఉప్పు చూడాలి. నేను అలవాటుగా గరిటెలో కాస్త పులుసు తీసి, ఊది, ఆమె అరచేతి వైపు చాచాను. పుట్టి బుద్ధెరిగిన దగ్గర నుంచీ మా ఇంట్లో ఉప్పు చూసేది పెద్దమ్మే.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. "శుక్రవారం రా. నాకు ఉపవాసం."

నిజమే. ప్రతి శుక్రవారం సాయంత్రం ప్రార్థన అయ్యేదాకా ఆమె మంచినీళ్లు కూడా ముట్టదు. ఈ సంగతి వారమంతా ఆలోచించిన నాకు తట్టనేలేదు. పెదనాయన్ని పిలుద్దామంటే, ఆయనకు బీపీ అని డాక్టరు ఉప్పు మాన్పించి ఏడాదైంది, ఆయన నాలుకకు ఎండు రొట్టె కూడా ఉప్పగానే తగిలేది.

"ఎట్టా మరి?" అన్నాను.

"ఎట్టా ఏంది? నువ్వు చూడు."

అరచేతిలో వేసుకుని నాకాను. ఉప్పు చాలిందా? చాలినట్టే ఉంది. చాలనట్టూ ఉంది. రేపటికి ముక్క ఉప్పును పీల్చుకుంటుంది కదా, అప్పటికి తగ్గుతుందా? తగ్గుతుందని ఇప్పుడు వేస్తే ఎక్కువవుతుందా? మళ్లీ నాకాను. పెద్దమ్మ పీట మీద కూర్చుని, కొంగుతో ముఖం తుడుచుకుంటూ నన్నే చూస్తోంది.

"సరిపోయిందా?"

"ఏమో పెద్దమ్మా... కొంచెం సేపాగి చూద్దాం" అన్నాను.

"చూద్దాం కాదు నాయనా. చూసేది నువ్వు ఒక్కడివే" అంది. కోపంగా కాదు. ఎంతో మెల్లగా, చిన్నప్పుడు సైకిలు నేర్పిస్తూ వెనక సీటు వదిలేసేటప్పుడు పెదనాయన అన్నట్టుగా. "నేను ఎప్పటికీ ఉప్పు చూస్తా కూర్చోను కదా."

ఆ వయసులో ఆ మాటలో నాకు పులుసే వినిపించింది. డబ్బాలో చెయ్యి పెట్టి ఒక పిడికెడు తీశాను, సగం వెనక్కి పోశాను, మిగతాది చట్టిలో వేశాను. వేసిన ఉప్పు మళ్లీ తీయడానికి లేదు. గరిటెతో తిప్పితే ముక్క చెదురుతుందని, చట్టిని రెండు చేతులా పట్టుకుని గుండ్రంగా కదిపి మూత పెట్టేశాను. నా జీవితంలో నేను పూర్తిగా తేల్చిన మొదటి వ్యవహారం ఆ అరపిడికెడు ఉప్పు.

శనివారం పొద్దున గది ముందు చెప్పులు వరసలు కట్టాయి. సంఘమంతా వచ్చింది, సంఘంలో లేనివాళ్లూ వచ్చారు. గంపక్క తన పల్లె ఆడవాళ్లను ఇద్దర్ని వెంటబెట్టుకొచ్చి, నేను నాలుగు ఆలోచనలు చేసేలోపు ముందు వరసలో కూర్చుంది. పెనం కొత్తది, దోసె అంటుకుపోతోంది. ఉల్లిపాయ సగానికి కోసి నూనెలో ముంచి రుద్దుతూ, చినిగిన దోసెల్ని వెనకాల దాస్తూ, ఎట్లాగో ఒకటి గుండ్రంగా పోశానో లేదో, అయ్యగారు "ప్రార్థన చేద్దాం" అన్నారు. అందరూ కళ్లు మూసుకున్నారు. ఆయన ఆకాశాన్నీ భూమినీ చేసినందుకు మొదలుపెట్టి, సముద్రంలో చేపల్ని చేసినందుకు వచ్చేసరికే దోసె అంచులు ఎర్రబడ్డాయి. ప్రార్థన మధ్యలో కళ్లు తెరవడం తప్పు, అట్లకాడ చప్పుడు చేయడం ఇంకా తప్పు. తిప్పాలా వద్దా అని నేను ఒక కన్ను తెరిచి ఆలోచిస్తున్నాను. "ఈ పెనమును ఆశీర్వదించుము" అన్నారు అయ్యగారు. పెనం మీంచి పొగ లేచింది. అప్పుడు నా పక్కన నిలబడ్డ పెద్దమ్మ, రెండు కళ్లూ గట్టిగా మూసుకునే, పెదాలు ప్రార్థనలో కదులుతూనే, నా చేతిలోంచి అట్లకాడ లాక్కుని దోసెను తిప్పేసి "ఆమెన్" అంది. ప్రార్థన అయిపోయిందనుకుని అందరూ "ఆమెన్" అన్నారు. అయ్యగారు కూడా ఆగి, ఒక్క క్షణం చూసి, "ఆమెన్" అనక తప్పలేదు.

చట్టి మూత తీశారు. నేను వెనక్కి తిరిగి నిలబడ్డాను. ఉప్పు సంగతి ఎవరి ముఖంలోనూ చూసే ధైర్యం నాకు లేదు. ముందుగా గంపక్క గొంతు వినిపించింది: "బో బాగుండాది అబ్బయా. ఇంకో రెండు పొయ్యి." మా సముద్రం మీది గాలి నా ముఖానికి ఒక్కసారిగా తగిలినట్టయింది.

మేతాయన సరిగ్గా ఆ గందరగోళంలో దిగాడు, బస్తాలేసుకున్న ఆటోతో సహా. పెదనాయన లేచి ఎదురెళ్లాడు. జేబులోంచి తాళంచెవి తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ఇవ్వలేడు, దాచలేడు. ఇచ్చిన మాట తప్పని మనిషి ముఖం అట్లా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. "నేను మీకు మాటిచ్చినా" అన్నాడు ఆయన.

పెద్దమ్మ మధ్యలోకి పోలేదు, బతిమాలలేదు. ఒక విస్తరాకులో దోసె వేసి, పైన పులుసు పోసి, రెండు ముక్కలు వేసి తెచ్చి, "ముందు తిని మాట్లాడండి నాయనా, పొద్దున్నే బయలుదేరుంటారు" అంది. మేతాయన నిలబడే తిన్నాడు. రెండోది కూర్చుని తిన్నాడు. మూడోది తింటూ గది నలువైపులా చూశాడు, జనాన్ని చూశాడు, పెదనాయన చేతిలో తాళంచెవిని చూశాడు.

"ఈ గదిలో మేత ఏస్తే ఊరోళ్లు నన్ను తంతారన్నా" అన్నాడు. "నాకు ఇంకో గది దొరక్కపోదు. ఈ పులుసు దొరకదు. ఆ మాట నేనే వెనక్కిస్తుండా, తీసుకో." పెదనాయన తాళంచెవి జేబులో వేసుకుని, ఎవరికీ కనపడకుండా మొహం తుడుచుకున్నాడు. అప్పటి నుంచి మేతాయన చెరువుల మీదికి పోయే ప్రతి పొద్దునా మా దగ్గరే ఆగాడు. అంత మంచితనానికి మేము ఎప్పుడూ సరిగ్గా కృతజ్ఞత చెప్పుకోలేదు. ముక్క మాత్రం ఎప్పుడూ ఒకటి ఎక్కువే వేశాం.

ఆ రోజు ఇంకొక సంగతి కూడా జరిగింది. సంఘంలో చుట్టాలింటికి వచ్చిన ఒకమ్మాయి, నా దోసెల అవస్థ చాలాసేపు చూసి, "పులుసు బాగుంది. దోసె పొయ్యడం మీకు రాదు, ఇటివ్వండి" అని అట్లకాడ అడిగి తీసుకుంది. ఇవ్వాలా వద్దా అని ఆలోచించే వ్యవధి ఆమె ఇవ్వలేదు. ఇప్పటిదాకా మళ్లీ నా చేతికి ఇవ్వలేదు కూడా. ఆమే నా భార్య.

బోర్డు పేరు మాత్రం నేను పెట్టనేలేదు. నేను ఆలోచిస్తుండగానే జనం 'నిన్నటి పులుసు అంగడి' అనేశారు, పెయింటరు అదే రాసేశాడు. బయట ఊళ్లవాళ్లు బోర్డు చూసి, "నిన్నటిదా? ఈ రోజుది లేదా?" అని అనుమానంగా అడుగుతారు. "ఈ రోజుది రేపు పెడతాం" అంటాను. వాళ్లకు అర్థం కావడానికి ఒక దోసె పడుతుంది.

పెదనాయన ముందు పోయాడు. పెద్దమ్మ కిందటేడు వెళ్లిపోయింది. చివరి రోజుల్లో మంచం మీద పడుకుని కూడా, బాగైపోయినందుకు స్తోత్రం చెప్పుకుంటూనే ఉండేది. ఆ ఒక్కసారి దేవుడు మొహమాటపడలేదు. లేక, వేరే విధంగా బాగుచేశాడేమో, నాకు తెలియదు. ఆమె పోయాక ఒక రోజు చట్టి ముందు నిలబడి గరిటె పక్కకు చాచి, అక్కడ చెయ్యి లేకపోయేసరికి, అప్పుడు అర్థమైంది నాకు, ఆమె ఆ రోజు చెప్పింది పులుసు గురించి మాత్రమే కాదని. అరచేతిలో వేసుకుని నేనే ఉప్పు చూశాను. సరిపోయింది. కాసేపు ఏడ్చాను కూడా.

ఇంతా చెప్పి, నేను మారిపోయానని మీరు అనుకుంటే అది పొరపాటు. సూళ్లూరుపేటలో స్టేషను దగ్గర రెండో అంగడి పెట్టాలని నాకు చాలా ఏళ్లుగా ఆలోచన. గది కూడా చూసిపెట్టాను. బల్లల దగ్గర ఆగింది. మొన్న ఆదివారం సాక్ష్యాల సమయంలో, దీని గురించి ప్రార్థన చేయమని అడుగుదామని లేచాను. ఇప్పుడున్న అయ్యగారూ కొత్తాయనే. నోరు తెరిచేసరికి ఏమైందో, నా గొంతులోంచి వేరే మాట వచ్చింది. "సూళ్లూరుపేటలో మా రెండో అంగడి తెరిపించినందుకు దేవునికి స్తోత్రం" అన్నాను. పాతవాళ్లు నాలుగైదుగురు చటుక్కున తలలెత్తారు.

"దేవునికి స్తోత్రం. ఎప్పుడండీ ప్రారంభం?" అని అడిగారు అయ్యగారు.

"శనివారం" అన్నాను. ఏ శనివారమో మాత్రం చెప్పలేదు. అంత తెలివి ఇంకా మిగిలి ఉంది నాలో.

కూర్చోబోతుండగా ఆడవాళ్ల వైపు నుంచి, కిటికీ పక్కన పెద్దమ్మ కూర్చునే చోటు నుంచి, ఒక గొంతు వినిపించింది. "ఈ శనివారమే అయ్యగారూ." ఇప్పుడు అక్కడ కూర్చునేది నా భార్య. కొంగు తలమీదికి లాక్కుని, ఏమీ ఎరగనట్టు ముందుకు చూస్తోంది.

నెరిసిన తలతో చాప మీద పుల్ల పీకుతూ కూర్చున్న నాకు, పక్కన పాత చూద్దాం సారు కూడా కూర్చుని ఉన్నట్టే అనిపించింది. వాణ్ణి చూసి నవ్వుకున్నాను. పాపం, వాడికి ఈ శుక్రవారం చాలా పనుంది.